ఆలస్యంగా పడే అక్షరాలు

గంగాభవాని మళ్ళీ ఆఫీసుకొచ్చిన రోజు మధులత ఆమె బల్ల మీద బంతిపూలు పెట్టింది. కామరాజుగారు తన గదిలోంచి లేచొచ్చి, "రండి భవానిగారూ, రండి. మీరు లేక మా ఓడలన్నీ సముద్రంలోనే లంగరేసుకు కూర్చున్నాయండి" అని నవ్వించాడు.

కామరాజుగారిది పాతపట్నంలో ఓడల ఏజెన్సీ. కాకినాడ వైపు నుంచి వచ్చిన వాళ్ళ నాన్న పోర్టు గేటుకి దగ్గర్లో పెట్టిన ఆఫీసు. ఓడ రేవులోకి రాకముందే అందులో ఏ సరుకుంది, ఎంత బరువుంది, ఎవరికి చేరాలి అన్నీ కొట్టి కస్టమ్స్‌కి ఇవ్వాలి. మేనిఫెస్టు అంటారు దాన్ని. ఆ ఆఫీసులో మేనిఫెస్టులు కొట్టేది గంగాభవాని. పెళ్ళైన కొత్తలో టైపిస్టుగా చేరింది. మొదట టైపు మిషను మీద కొట్టేది, తరవాత కంప్యూటర్ మీద. కళ్ళు కాగితం మీదే ఉండేవి, కీల వైపు చూసేది కాదు. ఆమె కొడుతుంటే రేకుల మీద వాన పడ్డట్టుంటుందనేది మధులత. మధులత ఆ ఆఫీసులో లెక్కలు చూసే పిల్ల.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున్న గంగాభవాని మంచం దిగబోతే కాళ్ళు నిలబడలేదు. సాయంత్రానికి చేతులు కూడా పడిపోయాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే నరాల జబ్బన్నారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి నరాలని తినేస్తుందట. పోర్టులో క్రేను నడిపే సింహాద్రి సెలవు పెట్టి పెళ్ళాం పక్కనే కూర్చున్నాడు. అన్నం కలిపి పెట్టాడు, వంకరటింకరగానే అయినా రోజూ జడేశాడు. నెమ్మదిగా కాళ్ళొచ్చాయి, తరవాత చేతులొచ్చాయి. వేళ్ళ చివర్లలో మాత్రం మొద్దుతనం పోలేదు. బియ్యంలో రాయి కంటికి కనబడాలి తప్ప వేలికి తగిలేది కాదు.

"ఇది పోవడానికి టైం పడుతుందమ్మా, ఒక్కోసారి పోదు కూడా" అంది డాక్టరమ్మ. "కొంతమందికి జబ్బు తిరగబెడుతుంది. చేతుల్లో ఏదైనా తేడా కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యాలి."

ఆ ఆఖరి మాట గంగాభవానికి గుండెల్లో దిగబడిపోయింది.

ఆమె ఆసుపత్రిలో ఉండగానే ఆఫీసులో పాత కంప్యూటర్ చచ్చిపోయింది. సముద్రం ఉప్పుగాలికీ పోర్టు బొగ్గు దుమ్ముకీ అన్నాళ్ళు బతకడమే గొప్ప. కామరాజుగారు కొత్తది కొన్నాడు. పచ్చటి గడ్డి, నీలాకాశం బొమ్మ వచ్చే కొత్త విండోస్ ఎక్స్‌పీ. మేనిఫెస్టులు కొట్టే ప్రోగ్రాం మాత్రం మార్చలేదు. అది విండోస్ రాకముందు, డాస్ రోజుల్లో మద్రాసు నుంచి తెప్పించింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌసుతో పనే లేదు. అన్ని ఓడల మేనిఫెస్టుల నమూనాలూ అందులోనే ఉన్నాయి. కంప్యూటర్ తెచ్చిన శివరామకృష్ణ దాన్నే కొత్తదాంట్లో ఎక్కించి, తెరుచుకుందో లేదో చూసి వెళ్ళిపోయాడు.

గంగాభవాని ఆ ప్రోగ్రాం తెరిచి ఓడ పేరు కొట్టడం మొదలుపెట్టింది. తెర మీద అక్షరం పడలేదు. నొక్కలేదేమో అనుకుని మళ్ళీ నొక్కింది. రెండక్షరాలు పడ్డాయి. ఒకటి చెరిపింది. చెరగలేదు. మళ్ళీ నొక్కితే ఈసారి మూడు చెరిగిపోయాయి.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

మిగతావాళ్ళకైతే కీ కిందికి దిగిందో లేదో వేలికే తెలుస్తుంది. ఆమెకి తెలీదు. నొక్కాననుకుంటోంది, తెరేమో నొక్కలేదంటోంది. తెర మాటే నమ్మింది. ఎంత కాదనుకున్నా తన వేళ్ళని నమ్మే ధైర్యం ఆమెకి లేదు.

మర్నాడూ అంతే, ఆ తరవాతా అంతే. ఒక్కో అక్షరం నొక్కి, తెర మీద కనిపించేదాకా ఆగి, ఇంకోటి నొక్కేది. ఒక పూటలో అయ్యే పని రోజంతా పట్టేది. మధ్యాహ్నం బాక్సు తెరవడానికి కూడా లేచేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక మధులతని పిలిచింది.

"ఇలా వచ్చి ఈ లైను కొట్టు మధూ. నీకెలా పడుతున్నాయో చూడు."

మధులత కుర్చీ లాక్కుని, తల వంచి, రెండు వేళ్ళతో ఒక్కో కీ వెతుక్కుంటూ కొట్టింది. లైనంతా అయ్యాక తలెత్తి తెర చూసింది. అన్నీ సరిగ్గా పడ్డాయి.

"బాగానే ఉందక్కా! ఏమైంది?"

"ఏం లేదులే. నా కళ్ళే."

గంగాభవాని నవ్వడానికి చూసింది. అయితే మిషను బాగానే ఉంది, తేడా నా చేతిలోనే ఉంది అనుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టు ఆసుపత్రికి పరిగెత్తాలి. కానీ ఆ మంచం, ఆ తెల్ల కర్టెన్లు, ఊపిరి సరిగా ఆడని ఆ రాత్రులు గుర్తొస్తే అటు వెళ్ళాలనిపించేది కాదు. ఎవరికీ చెప్పలేదు. ఇంకో నాలుగు రోజులు చూద్దాం అనుకుంటూ రోజులు నెట్టింది.

చివరికి తప్పు జరగనే జరిగింది. ఒక ఓడ మేనిఫెస్టులో నలభై టన్నుల యంత్ర సామాను నాలుగొందల టన్నులని పడింది. సున్నా పడలేదనుకుని మళ్ళీ నొక్కింది, రెండూ పడ్డాయి. కస్టమ్స్ వాళ్ళు కాగితాలు తిప్పి పంపారు. దిద్ది మళ్ళీ ఇచ్చేదాకా సరుకు దించనివ్వలేదు. కామరాజుగారు అటూ ఇటూ తిరిగి బతిమాలుకుని, సాయంత్రానికి చొక్కా తడిసి ఆఫీసుకొచ్చాడు. ఆమె మీద అరవలేదు. అరిచినా బాగుండును అనుకుంది గంగాభవాని.

"ఒళ్ళింకా కుదుటపడలేదండి మీకు. నాదే తప్పు, అప్పుడే పనిలో పెట్టేశాను. కొన్నాళ్ళు ఫోన్లు చూడండి, ఫైళ్ళు సర్దండి. మేనిఫెస్టులు బయట కొట్టించుకుంటాం. ఏం కంగారు పడకండి."

"అలాగే సార్" అంది.

ఆ సాయంత్రం కంచరపాలెంలో ఇంటికొచ్చి టీ పెట్టుకుంది. పొగలు కక్కే గ్లాసు చుట్టూ పది వేళ్ళూ ఆనించి అలాగే కూర్చుంది. డ్యూటీ దిగి వచ్చిన సింహాద్రి గుమ్మంలోంచే చూశాడు. ఒక్క అంగలో వచ్చి గ్లాసు లాగేశాడు.

"ఏటే ఇది! సేతులు కాలిపోవా?"

"ఏడి తెలుత్తాదో నేదో సూత్తన్నాను బావా."

సింహాద్రి ఆమెకి మేనత్త కొడుకు. చిన్నప్పట్నించీ బావే. అతను కింద కూర్చుని ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు. వేళ్ళ చివర్లు ఎర్రగా కందిపోయున్నాయి.

"ఏటైనాది? సెప్పు."

ఆమె చెప్పింది. మొదట ముక్కలు ముక్కలుగా, తరవాత ఏడుస్తూ. "అచ్చరం నొక్కుతన్నాను, పడతన్నేదు. నొక్కేనో నేదో నాకే తెలీదు. మల్లీ వత్తంది బావా. అదే జబ్బు మల్లీ వత్తంది."

"ఎన్నాల్లనించి?"

"ఆఫీసుకెల్లిన కాడ్నించి."

"మరి నాకు సెప్పవేటి?"

"సెప్తే ఆస్పత్రికి తీసుకెల్తావు గదా. నానెల్లలేను."

సింహాద్రికీ భయం వేసింది. కానీ ఏదో పొసగడం లేదనిపించింది. వంటింట్లో పీట పక్కన పళ్ళెంలో బెండకాయ ముక్కలు కనిపించాయి. సన్నగా, అన్నీ ఒక్క తీరున తరిగి ఉన్నాయి.

"ఇయ్యెవురు కోసేరు?"

"నానే. పొద్దున్న కోసి పెట్టెల్లేను."

"జడెవురేసేరు?"

"నానే. నువ్వేసిన జడతో బస్సెక్కుతానేటి?"

"మరి ఇయన్నీ సేసిన సెయ్యి, అక్కడికెల్లేసరికి ఎలగ సెడిపోద్ది?" అన్నాడు. "ఇను. నాను క్రేను లివరు లాగేను, కొక్కెం ఆలీసంగా లెగిసింది. తప్పు నాదా, క్రేనుదా? నాకెలగ తెలుత్తాది? దిగిపోయి ఇంకో క్రేనెక్కి సూత్తాను. నువ్వు ఇంకో మిసను మీద కొట్టి సూసేవా?"

"మదులత కొడితే బాగానే పడ్డాయి."

"మదులత సంగతి వద్దు. నీ సెయ్యి, ఇంకో మిసను."

ఆమె తలెత్తి చూసింది. ఇన్నాళ్ళూ తన చేతులకి పరీక్ష పెడుతూనే ఉంది గానీ, ఆ ఆలోచన రాలేదు. భయమేస్తే మనిషి ఒక్క వైపే చూస్తాడు.

"సూద్దాం. అప్పుటికీ తేడాగుంటే మాత్రం ఆస్పత్రికి ఎల్దాం. నాను వదల్ను" అన్నాడు సింహాద్రి. ఆమె ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున్న ఇద్దరూ జగ్గయ్య మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. కంచరపాలెంలోనే, రైలు కట్టకి పక్క సందులో. పెళ్ళికి ముందు గంగాభవాని అక్కడే నేర్చుకుంది. అప్పట్లో మిషను దొరకాలంటే చీకటితో లేచి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు చాలా మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. పిల్లలంతా కంప్యూటర్ నేర్పే చోటికి పోతున్నారు. మాస్టారు పేపరు చదువుకుంటున్నాడు.

"ఎవరూ? భవానా? ఒంట్లో బాగోలేదని విన్నాను తల్లీ."

"ఇప్పుడు నయం మాస్టారూ. ఒకసారి మిషను మీద కూర్చోవచ్చా?"

ఆయన కారణమడగలేదు. కిటికీ పక్కనున్న మిషను మీద గుడ్డ తీసి, కాగితం ఎక్కించి, ముందర ఒక పాత ప్రశ్నపత్రం పెట్టాడు.

గంగాభవాని చేతులు కీల మీద పెట్టింది. సింహాద్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె మొదటి అక్షరం కొట్టింది. 'టక్' మంది. కాగితం మీద అక్షరం పడింది. ఇంకోటి కొట్టింది. 'టక్'. కొట్టడానికీ పడడానికీ మధ్య ఏమీ లేదు. వేలికి తెలియకపోతేనేం, చెవికి తెలుస్తోంది. నొక్కిన ప్రతిసారీ ఆ ఇనుప అక్షరం లేచి కాగితాన్ని కొడుతోంది. అంటే వేలు తన పని తాను చేస్తోంది. నొక్కుతున్నాను అనుకున్న ప్రతిసారీ నిజంగానే నొక్కుతోంది.

నాలుగు లైన్లు మెల్లగా కొట్టింది. తరవాత తనకి తెలియకుండానే వేగం పెరిగింది. లైను చివర గంట మోగడం, చెయ్యి వెళ్ళి కాగితం చుట్టుకున్న రోలరుని వెనక్కి తొయ్యడం, మళ్ళీ వాన. పక్కన గూడ్సు బండి పోతుంటే కిటికీలు గలగలలాడాయి. ఆమె ఆపలేదు. పేజీ అయిపోయేదాకా ఆపలేదు.

మాస్టారు కాగితం తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"ఒకే తప్పు. ఈ మాటలో రెండు 'సి'లు రావాలి. అప్పుడూ ఇంతే కొట్టేదానివి. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు నీకు."

గంగాభవాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మాస్టారు కంగారుపడ్డాడు. "అయ్యో, ఒక్క తప్పుకే ఏడుస్తావా తల్లీ!"

"అది ఏడుపు కాదు మాస్టారూ" అన్నాడు సింహాద్రి. అతని కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. వీధిలోకెళ్ళి అందరికీ టీలు తెచ్చాడు.

సోమవారం ఆఫీసుకెళ్ళగానే గంగాభవాని కామరాజుగారి గదిలోకి వెళ్ళింది.

"సార్, నా చేతిలో తేడా లేదు. తేడా కంప్యూటర్లో ఉంది. అది తెచ్చిన అబ్బాయిని ఒకసారి రమ్మనండి."

ఆమె గొంతు విని ఆయన మారుమాట్లాడకుండా ఫోన్ తీశాడు. మధ్యాహ్నానికి శివరామకృష్ణ ద్వారకానగర్ నుంచి స్కూటర్ మీద వచ్చాడు. ముప్పై లోపు వయసు, మర్యాదస్తుడు. కూర్చుని రెండు లైన్లు కొట్టి చూశాడు.

"బాగానే ఉంది కదా మేడమ్?"

"మీరు కీలు చూసి కొడుతున్నారు బాబూ. మీరు తల ఎత్తేలోపల అక్షరాలు వచ్చేస్తున్నాయి. ఒక్కసారి లేవండి."

ఆమె కూర్చుంది. ఇన్నాళ్ళూ ఈ కంప్యూటర్ ముందు ఒక్కో అక్షరానికీ ఆగి, బెదిరి బెదిరి కొట్టింది. ఇవాళ టైపు మిషను మీద కొట్టినట్టే కొట్టింది. తెర చూడకుండా, ఎక్కడా ఆగకుండా ఒక లైనంతా కొట్టి, రెండు చేతులూ గబుక్కున పైకెత్తేసింది.

చేతులు గాల్లో ఉన్నాయి. తెర మీద అక్షరాలు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఒకటి, కాస్త ఆగి రెండు, మళ్ళీ ఆగి ఓ గుంపుగా, ఆలస్యమైన బస్సు కోసం కాచుకుని ఉన్నవాళ్ళంతా ఒకేసారి ఎక్కినట్టు.

"అమ్మో!" అంది మధులత.

కామరాజుగారు తెరనీ, గాల్లో ఉన్న ఆ చేతులనీ మార్చి మార్చి చూశాడు. "మీరు నాకు ముందే చెప్పాల్సిందండి" అన్నాడు నెమ్మదిగా.

"నేనే నమ్మలేదు సార్. మీకెలా చెప్తాను?"

శివరామకృష్ణ చొక్కా చేతులు పైకి మడిచాడు. "మళ్ళీ కొట్టండి మేడమ్, నేను చూస్తాను." సంచిలోంచి కొత్త కీబోర్డు తీసి తగిలించాడు. అదే ఆలస్యం. వైరస్‌ని కనిపెట్టే ప్రోగ్రాం ఆపి చూశాడు, మార్పు లేదు. విండోస్‌లో మామూలు చీటీలు రాసుకునే చోట కొట్టమన్నాడు. అక్కడ అక్షరాలు వేలి వెంటే వచ్చేశాయి.

"అయితే కంప్యూటర్ది కాదు. ఈ పాత ప్రోగ్రాంకీ విండోస్‌కీ ఎక్కడో పడటం లేదు" అన్నాడు. చిన్న కిటికీలా ఉన్న నల్ల తెరని మొత్తం తెరంతా పరుచుకునేలా చేశాడు. కాస్త నయమైంది. కాస్తే. బుగ్గ గీరుకుంటూ కూర్చున్నాడు. హైదరాబాదులో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి, "డాస్ ప్రోగ్రాం రా, ఎక్స్‌పీలో... టైపింగే... అవునా? ఎక్కడుంటుంది?" అని అడిగాడు. ఫోన్ పెట్టేసి, ఆ ప్రోగ్రాం బొమ్మ మీద నొక్కి, లోపల ఒక పేజీ తెరిచాడు. అందులో ఒక చిన్న గీత, దాని మీద అటూ ఇటూ జరిపే బొడిపె ఉన్నాయి. బొడిపెని ఎడమ చివరికి లాగి వదిలాడు.

"ఇప్పుడు చూడండి."

గంగాభవాని వేళ్ళు కీల మీద పెట్టింది. లైనంతా ఆగకుండా కొట్టింది. అక్షరాలు ఆమె వేళ్ళ వెంటే వచ్చాయి. లైను చివర చేతులు పైకెత్తింది. తెర కూడా అక్కడే ఆగింది.

ఆమె ఇంకో లైను కొట్టి చేతులెత్తింది. ఇంకోటి కొట్టింది. ఆ తరవాత ఇక చేతులెత్తడం మానేసి, ఫోన్లు రాసుకునే కాగితం ఏదో ముందుంటే దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కొట్టేసింది. మధులత చప్పట్లు కొట్టింది.

"ఏం చేశావయ్యా?" అన్నాడు కామరాజుగారు.

"పెద్ద పనేం కాదండీ. నాకే ముందు తట్టాల్సింది" అన్నాడు శివరామకృష్ణ కాస్త సిగ్గుగా. "డాస్ రోజుల్లో కంప్యూటరంతా ఈ ఒక్క ప్రోగ్రాందే. అందుకని 'కీ నొక్కారా, కీ నొక్కారా' అని గుక్క తిప్పుకోకుండా అడుగుతూనే ఉంటుంది. అదే దీని అలవాటు. విండోస్‌లో అలా కుదరదు, నలుగురితో సర్దుకోవాలి. ఇది ఊరికే అడుగుతూ కూర్చుంటే, పాపం దీనికి పనేమీ లేదనుకుని విండోస్ దీన్ని కాసేపు పడుకోబెట్టేస్తోంది. అది లేచేలోపల మేడమ్ నాలుగక్షరాలు కొట్టేస్తున్నారు. ఇప్పుడు దీన్ని తొందరపడి పడుకోబెట్టొద్దని చెప్పానంతే. కీలు చూసుకుంటూ నెమ్మదిగా కొట్టేవాళ్ళయితే ఎప్పటికీ తెలిసేది కాదండీ."

కామరాజుగారు తన గదిలోకి వెళ్ళి ఒక కాగితాల కట్ట తెచ్చి గంగాభవాని బల్ల మీద పెట్టాడు. బొగ్గు తెస్తున్న ఓడ, మర్నాడు రేవులోకి రావాలి.

"బయట ఇద్దామనుకున్నానండి. ఓపికుంటే మీరే చూడండి. లేకపోతే పర్లేదు."

"ఉంది సార్" అంది. కట్ట విప్పి పని మొదలుపెట్టింది. సాయంత్రం ఆఫీసు మూసే వేళకి మేనిఫెస్టు అయిపోయింది. బరువుల అంకెలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని కామరాజుగారికిచ్చి, బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. కాన్వెంట్ జంక్షన్ దాటకముందే నిద్రపట్టేసింది. కండక్టర్ లేపకపోతే కంచరపాలెం దాటిపోయేదే.

ఆ వారంలోనే సింహాద్రి పట్టుబట్టి ఆమెని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈసారి గంగాభవాని ఎదురు చెప్పలేదు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూసి, వేళ్ళు గట్టిగా పట్టుకోమని చూసి, జబ్బేమీ తిరగబెట్టలేదంది. మొద్దుతనం ఎప్పుడు పోతుందో మాత్రం చెప్పలేనంది. చెప్పలేకపోయినా ఫర్వాలేదనిపించింది గంగాభవానికి.

ఆసుపత్రి మెట్లు దిగుతూ సింహాద్రికి కంప్యూటర్ సంగతి ఇంకోసారి చెప్పింది. ఆ ముచ్చట అతనికి ఎన్నిసార్లు విన్నా తనివి తీరడం లేదు.

"అయితే అది కునుకుతీత్తంటే, నువ్వు నీ సెయ్యి సచ్చిపోనాదని ఏడిసేవన్నమాట!"

"నవ్వకు బావా. నాకెంత బయమేసిందో నీకేటి తెలుసు."

"తెలుసు" అన్నాడు సింహాద్రి. నవ్వు ఆపేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని అరచెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది. అంత మటుకు ఆమెకి బాగానే తెలిసింది. బీచి గాలి రోడ్డు దాకా వస్తోంది. బస్సు కోసం నిలబడబోతే, "నడుద్దాం రా, కొంత దూరం" అంది గంగాభవాని. ఇద్దరూ నడిచారు.